అగ్నిముఖమున ఆజ్ఞ యెవరిది?

నగరమున నిల్లంటుకొన్న వేళ ధైర్యవంతులకు కొఱత యుండదు. కొఱత యుండునది ఆజ్ఞకు. పదిమంది పది దిక్కులనుండి కేకలు వేయుచుండగా, నిచ్చెన వేయవలసిన చోట జనసమూహము నిలిచియుండుట మన పాఠకులలో పలువు రెఱిగినదే. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట యెట్టి యవివేకమో, అప్పుడు అధికారి యెవరని వెదకుటయు నట్టి యవివేకమే. ఈ సత్యమును మహానగరము లెట్లు గ్రహించినవో, గ్రహించియు నెచట తడబడినవో న్యూయార్కు అగ్నిశమనశాఖ చరిత్రము చక్కగా బోధించుచున్నది.

ఆ నగరమున 1865 వఱకు మంటల నార్పినవారు జీతములేని స్వచ్ఛంద సేవకులు. వారి సాహసము మెచ్చదగినదే. కాని జట్టులనడుమ స్పర్ధలు మిక్కుటముగ నుండెను. ఆ యేట రాష్ట్ర శాసనసభ జీతముగల దళమును నెలకొల్పెను. 1870లో నది నగరప్రభుత్వపు టధీనమునకు వచ్చెను.

ఈ శాఖ శిఖరమున ఫైర్ కమిషనరు గలడు. ఆయన మేయరు నియమించు పౌరాధికారి. ధనము, పాలనము, నియామకములు ఆయన చేతిలోనివి. కాని మంటయెదుట దళములను నడుపుట ఆయన పని గాదు. అది చీఫ్ ఆఫ్ డిపార్టుమెంటు అను ప్రధానాధిపతిది. క్రింది మెట్టున గొట్టము పట్టి, పొగలో తిరిగి, క్రమముగ పైకి వచ్చినవాడే ఆ పీఠము నెక్కును. లెఫ్టినెంటు, కెప్టెను, బెటాలియన్ చీఫ్, డిప్యూటీ చీఫ్ పదవులు పోటీపరీక్షలవలన లభించును. ఆపై పదవులకు మాత్రము కమిషనరు ఎంపిక చేయును. 2001లో ఈ శాఖయందు 9 డివిజనులును, ఒక్కొక్క డివిజనునందు 4 మొదలు 7 వఱకు బెటాలియనులును ఉండెను. నీరు కొట్టు ఇంజను కంపెనీలు 205. నిచ్చెనలతో ప్రాణరక్షణకు బూను లాడరు కంపెనీలు 133. ప్రతి కంపెనీతోను ఒక కెప్టెనో లెఫ్టినెంటో తప్పక వెళ్లును. మొదట వచ్చిన అధికారియే ఆజ్ఞాధికారి. పైవాడు వచ్చినప్పుడు, ఉన్న స్థితిని నివేదించి అధికారము నప్పగించును.

ఈ భావము మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరమునకు నాగరకుడును, నాల్గవ భాగమునకు స్థానికుడును, పది యిరువది నలువది కుటుంబములకు గోపుడును బాధ్యులు. నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి ఇంట సిద్ధముగ నుండవలెననియు, మంట నార్పుటకు పరుగిడని గృహస్థునకు 12 పణముల దండన యనియు ఆ గ్రంథము విధించినది.

అయినను సోపానక్రమ మొక్కటియే చాలదని 2001 సెప్టెంబరు 11వ తేది చూపెను. ఉదయము 8:46కు ఉత్తర గోపురమును విమానము తాకెను. కొలది నిమిషములలో వచ్చిన బెటాలియన్ చీఫ్ జోసెఫ్ ఫైఫరు అచట ఆజ్ఞాస్థానము నేర్పఱచెను. క్రమము తప్పలేదు, పైయధికారులు వచ్చిన కొలదిని అధికారము పైకి పోయెను. 9:59కి దక్షిణ గోపురము కూలెను. అది పూర్తిగ కూలినదని యెఱుగకయే ఫైఫరు తన వారిని బయటకు రమ్మని రేడియోలో నాజ్ఞాపించెను. కొందఱు వినిరి, కొందఱకు వినబడలేదు, వినియు నితరులకై నిలిచిన వారును గలరు. ఆకాశమున పోలీసు హెలికాప్టరునుండి గోపురపు దుస్థితిని చూచిన వారు హెచ్చరించిరి గాని, ఆ మాట అగ్నిశమనాధిపతుల చెవి జేరలేదు. రెండు శాఖల రేడియోలు వేఱు. రెండు శాఖలును స్వతంత్రములు. 10:28కి ఉత్తర గోపురమును కూలెను. ఆ దినమున శాఖవా రీల్గినది 343 మంది. వారిలో ప్రధానాధిపతి పీటరు గాన్సీ యొకడు. ఇతరులను ఉత్తరమునకు పొమ్మని, తాను దక్షిణమునకు నడచిన వీరు డాతడు.

2004లో విచారణసంఘము ఒక మార్గమును సూచించెను. 1970లో కాలిఫోర్నియాను దహించిన అడవిమంటల యనుభవమునుండి పుట్టిన ఆజ్ఞాపద్ధతిని దేశమంతట నవలంబింపవలెనని. ఎన్ని శాఖలు వచ్చినను అందఱ కొక్కటే వ్యూహము, అందఱ కర్థమగు నొక్కటే భాష. ఒక్కొక్క అధికారి క్రింద చేయి పట్టగలిగినంత మంది మాత్రమే యుండవలెను. ఇదియే ఆ పద్ధతి సారము.

మేము దీనివలన గ్రహించున దిది. మెట్లు పైనుండి క్రిందికి ఆజ్ఞ దిగుటకు మాత్రమే గాదు. క్రిందినుండి పైకిని, ప్రక్కనుండి ప్రక్కకును వార్త చేరుటకును గలవు. ఆజ్ఞాపించువాని ధైర్యము, పాటించువాని విధేయత రెండును నిండుగ నున్నను, నడుమ మాట తెగినచో రెండును బూడిదయగును. మన పట్టణములందు అగ్నిశమనదళము, పోలీసులు, పురపాలకులు, విద్యుచ్ఛాఖవారు ఒక్క వీధిలో గుమిగూడిన వేళ తుదిమాట యెవరిదో పౌరులు మంటకు ముందే యడిగి తెలిసికొనుట మేలు.