లారీ నియంత్రణ పేటికయు, ఇంటి టంకపు పనియు

సర్జాపురము బెంగుళూరు పట్టణ జిల్లా ఆనేకల్ తాలూకాలోని ఊరు. ఇచ్చటినుండి అత్తిబెలెకు బోవు బాట హొసూరు రాజమార్గమును కలియును. ఈ సీమలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా గలవు. వారిలో లారీని నమ్ముకొని బ్రతుకువారికి నేడొక క్రొత్త చిక్కు ఏర్పడినది.

పూర్వపు డీసెలు ఇంజనులో చమురు కొలత పంపు అధీనమున నుండెడిది. 1951లో స్థాపితమై, 2008లో బాష్ అను పేరు దాల్చిన మైకో కంపెనీ అట్టి పంపులను బెంగుళూరులోనే తయారు చేసెను. మేస్త్రి మరను త్రిప్పి కొలతను సవరించెడివాడు. నేటి లారీలో ఆ పని ఈ.సి.ఎం. అను నియంత్రణ పేటికది. అది వేడిమిని, ఒత్తిడిని, వేగమును గ్రహించి, ఎంత చమురు ఎప్పుడు చిమ్మవలెనో నిర్ణయించును.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. పెక్కు లారీలలో నూటికి 32.5 పాళ్లు యూరియా గల ద్రవమును పొగలో చిమ్ముదురు. అది విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడులను నైట్రోజనుగను నీటిగను మార్చును. ద్రవము నిండుకొన్నచో పేటిక ఇంజను బలమును తగ్గించును. ఈ ఖర్చు తప్పించుకొనుటకును, బలము పెంచుటకును కొందరు పేటికను విప్పి, జ్ఞాపకపు చిప్పును ఊడదీసి, అందలి లెక్కలు మార్చి మరల అతికింతురు.

టంకము మనకు క్రొత్త విద్య కాదు. సంస్కృతమున టంకణమనగా వెలిగారము. కంసాలి నగ అతుకునపుడు దానిని వాడును. కాని కంసాలి అతుకు వేరు, ఈ అతుకు వేరు. నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము గల టంకము 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. తగరము, వెండి, రాగి కలిసిన సీసరహిత టంకము 217 డిగ్రీల వద్ద కరగ నారంభించును. పేటిక లోహము వేడిని లాగికొనుటచే పనివాడు సోల్డరింగు ఐరనును ఎక్కువసేపు అదిమి పట్టును. అంతట సన్నని రాగిరేకు పలకనుండి లేచిపోవును. వేడి చాలనిచో అతుకు పైకి బాగుగనే కనబడి, లారీ కుదుపులకు బీటలువారును. బరువుతో కనుమ నెక్కునపుడు ఇంజను ఆగుట ప్రాణాపాయము. ఒంటినుండి పుట్టు స్థిరవిద్యుత్తు సైతము చిప్పును చంపగలదు. సీసపు రజను చేతులకంటి అన్నములో చేరును. పసిపిల్లలకది మిక్కిలి హానికరము.

చట్టమును విస్మరింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను అనుమతిలేని మార్పులను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము యజమానికి ఆరు నెలల వరకు ఖైదో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును.

పేటికను నిందించుటకు ముందు ఫ్యూజులు, భూమితీగ, తుప్పుపట్టిన కనెక్టర్లు చూచుట మేలు. లారీ చట్రమునకు వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలు తప్పక విప్పవలెను. పేటికయే చెడినదని తేలినచో తగిన పరికరములు గల నిపుణునికి అప్పగించుటయే యుక్తము. చేతిపనిలో నేర్పు గౌరవనీయమే. ఐనను ఆ నేర్పు తన హద్దు నెరిగినపుడే కుటుంబమునకు అన్నము పెట్టును.