సానియా తర్వాత ఎవరంటే ఈ ఇద్దర్ని సూడుండ్రి

2005ల సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. మనకు ఆడోళ్ల టెన్నిస్ ఆడ్నే ఆగిపోయింది. ఆమె తర్వాత గూడ మనోళ్లు ఉన్నరు. కాకుంటే వాళ్లు ఎక్కువ ఆడేది టీవీల రాని చిన్న టోర్నీలు.

గండ్ల అన్నిటికన్న కిందిది డబ్ల్యూ15. అంటే టోర్నీ మొత్తానికి కలిపి 15 వేల డాలర్లు. మొదటి రౌండ్ల ఓడితే రెండొందల డాలర్లు గూడ చేతికి రావు. టికెట్లు, గది, తిండి ఎవలిది వాళ్లే పెట్టుకోవాలె. అయినా ఆడుతరు. ర్యాంకింగు పాయింట్లు ఈడికెల్లే మొదలైతయ్ మరి.

భమిడిపాటి శ్రీవల్లి రష్మిక హైదరాబాద్ బిడ్డ. సర్వీసు గట్టిది. 2025 ఏప్రిల్‌ల పుణెల బిల్లీ జీన్ కింగ్ కప్‌ల ఐదు సింగిల్స్ ఆడి ఐదూ గెలిచింది. సహజ యమలపల్లి అమెరికాల కాలేజీ టెన్నిస్ ఆడొచ్చింది. 2017 యూఎస్ ఓపెన్ గెలిచిన స్లోన్ స్టీఫెన్స్‌నే 2025ల మెక్సికోల ఓడగొట్టింది.

చర్ల, దుమ్ముగూడెం ఆడపిల్లలకు ఉరుకుడు నేర్పే పని లేదు. కబడ్డీకి గీత గీస్తే సాలు, టెన్నిస్‌కు మాత్రం గెలుపు కన్న ముందు ఏండ్లకేండ్లు పైసలు పెట్టాలె. అందుకే ఆశ్రమ బడుల ఒక్క కోర్టన్న ఏయమని ఐటీడీఏను అడుగుదాం.

అంతదాక ఐటీఎఫ్ సైట్ల స్కోర్లు సూడుండ్రి. పేరు పక్కన 'క్యూ' ఉన్నామె క్వాలిఫయింగ్ గెలిచి వచ్చినట్టు. నేనైతే ముందు ఆమె మ్యాచే సూస్త.