కాలేజీ బీరువాలో తాకట్టు

ముంచింగిపుట్టు వైపు డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాణ్ణి ఎందుకు ఆపేశావని అడిగితే చదువు ఎక్కలేదని చెప్పేవాళ్లు తక్కువ. "డ్యూ ఉంది సార్" అంటారు. అది బ్యాంకు నోటీసు కాదు, జప్తు కాదు. కొండ దిగి చేరిన ఏదో ప్రైవేటు కాలేజీ ఆఫీసు రిజిస్టరులో అతని పేరుకెదురుగా పడివున్న ఒక మొత్తం. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్లకి నెలజీతం పాటి డబ్బు. ఎకరం అరెకరం కాఫీ మీద బతికే ఇంటికి మాత్రం ఏడాది రాబడి.

అది కట్టేదాకా టీసీ ఇవ్వరు. మార్కుల మెమోలు ఇవ్వరు. చేరిన రోజున కవర్లో పెట్టి అప్పజెప్పిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ కూడా చాలాచోట్ల ఆ కాలేజీ బీరువాలోనే ఉండిపోతాయి. అవి లేకుండా ఇంకో కాలేజీలో చేరలేరు. పోలీసు కానిస్టేబులు పరీక్ష రాసినా సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లలేరు. ఇరవై ఏళ్ల వయసులో చదువూ ఉద్యోగమూ రెండూ ఒకే తాళం వెనకాల ఇరుక్కుంటాయి.

ఈ డ్యూ ఎలా పుడుతుందో తెలియాలంటే చదువు దారంతా ఒకసారి చూడాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దు మీదున్న మండలం ముంచింగిపుట్టు. పోర్జా, గదబ, కొండదొర, కోటియ, వాల్మీకి, కోదు కుటుంబాలు ఎక్కువ. పిల్లలు ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో పెరుగుతారు. తిండి, బట్ట, పుస్తకం సర్కారువే. ఇంటర్ దాకా తల్లిదండ్రుల చేతిలో రూపాయి లేకపోయినా చదువు ఆగదు. పాడేరు, అరకులోయల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. కానీ ఇంజనీరింగ్, నర్సింగ్, బీఈడీ, ఫార్మసీ అంటే ఎక్కువమంది ఘాట్ రోడ్డు దిగాల్సిందే. అక్కడ చదువుకు మొదటిసారి ధర కనబడుతుంది.

ఆ ధర పిల్లల మీద పడకూడదనే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ పథకం విస్తరించి వృత్తివిద్యా కాలేజీల తలుపులు తెరిచింది. దాని మేలు తక్కువ చేసి చెప్పడం అన్యాయం. ఏజెన్సీలో ఈవేళ నర్సులు, ఇంజనీర్లు, టీచర్లు ఉన్నారంటే అందులో దాని వాటా పెద్దది. చిక్కంతా డబ్బు వచ్చే వేళలో ఉంది. మొదట్లో సర్కారు నేరుగా కాలేజీకి కట్టేది. 2020లో జగనన్న విద్యాదీవెన మొదలయ్యాక వాయిదాల వారీగా తల్లి ఖాతాలో వేశారు, ఆమె తీసుకెళ్లి కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే వేస్తామన్నారు. పద్ధతి మారిన ప్రతిసారీ పాత పద్ధతిలో రావాల్సిన వాయిదాలు మధ్యలో వేలాడాయి. రాష్ట్రం మొత్తమ్మీద బకాయిలు వేల కోట్లకు చేరాయి. తప్పు మీదంటే మీదని పార్టీలు వాదించుకున్నాయి. కాలేజీ యాజమాన్యం మాత్రం అమరావతిని అడగలేదు, ఎదురుగా నిలబడ్డ పిల్లను అడిగింది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. సర్కారు ఇస్తానని రాసిచ్చి, ఆలస్యం చేసిన డబ్బు ఆ పిల్ల అప్పు ఎలా అవుతుంది? ఆమె ఏ కాగితం మీదా అప్పు తీసుకున్నానని వేలిముద్ర వేయలేదు. అర్హత చూసి, ఆధార్ చూసి, కులధ్రువీకరణ, ఆదాయధ్రువీకరణ చూసి, వేలిముద్ర హాజరు చూసి సర్కారే ఆమెను తన జాబితాలో రాసుకుంది. బాకీదారు సర్కారు. తాకట్టు మాత్రం ఆమె సర్టిఫికెట్టు.

తల్లి ఖాతాలో డబ్బు పడ్డ రోజుల్లో మరో రకం కష్టం. బ్యాంకు మండల కేంద్రంలో ఉంటుంది, ఊరు కొండ అవతల ఉంటుంది. ఆధార్‌లో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంటిపేరు ఇంకో రకం. ఈకేవైసీ కోసం సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కాలి. డబ్బు పడిన వారంలోనే ఇంట్లో ఎవరికో జ్వరం ముదిరి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాల్సి వస్తే, ఆ ఫీజు సొమ్ము దారిలోనే కరిగిపోతుంది. ఇలాంటి డ్యూ సర్కారు బకాయి కాదని లెక్క ప్రకారం అనవచ్చు. ప్రాణం నిలుపుకోవడానికి ఖర్చుపెట్టిన తల్లిని తప్పుపట్టే మనసు నాకైతే రాదు.

కొండ మీద డబ్బుకు ఒక ఋతువుంది. వలిసెలు, రాజ్‌మా చలి మొదలయ్యే రోజుల్లో చేతికొస్తాయి. కాఫీ పండ్లు నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా కోస్తారు. ఎండలు ముదిరేవేళకు పసుపు, చింతపండు. కాలేజీలో అడ్మిషన్లు, ఫీజులు, హాస్టలు డిపాజిట్లు మాత్రం వానాకాలంలో. దుక్కులు, నాట్లు సాగే ఆ నెలల్లో ఇంట్లో చిల్లిగవ్వ ఉండదు. అప్పుడు తల్లి డ్వాక్రా సంఘంలో తీసుకుంటుంది. తండ్రి షావుకారు దగ్గర రాబోయే కాఫీ మీద అడ్వాన్సు తీసుకుంటాడు. పంట వచ్చాక ధర షావుకారు చెప్పిందే. 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది సరిగ్గా ఈ అడ్వాన్సుల ఉచ్చు నుంచి గిరిజనుణ్ణి తప్పించడానికి. ఉప్పూ కిరసనాయిలూ కోసం పడ్డ ఉచ్చు అప్పటిది, సెమిస్టరు పరీక్ష ఫీజు కోసం పడేది ఇప్పటిది.

బ్యాంకు విద్యారుణం లేదా అని అడుగుతారు. కాగితం మీద ఉంది. నాలుగు లక్షల దాకా హామీ ఆస్తి అడగకూడదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కానీ ఆ తల్లి పేరున సంఘం అప్పు బాకీ ఉంటుంది, తండ్రి పేరున పంట రుణం. బ్యాంకులో సిబిల్ స్కోరు చూసి ఫైలు పక్కన పెడతారు. పెద్ద మొత్తం కావాలంటే ఆస్తి చూపాలి. 1959 భూబదలాయింపు నిబంధన, దాని 1970 సవరణ ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడు కొనలేడు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు దక్కుతుంది తప్ప అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. ఈ రక్షణలు ఉండితీరాలి, అవి లేకపోతే ఈపాటికి భూమే ఉండేది కాదు. వేలం వేయలేని భూమి హామీగా బ్యాంకుకు మాత్రం రుచించదు.

ఏదోలా రుణం దొరికినా, మధ్యలో మానేసినవాళ్లకు మరో దెబ్బ ఉంది. 2009-10 నుంచి కేంద్రం అమలు చేసిన వడ్డీ రాయితీ పథకంలో, ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇంటి పిల్లలకు కోర్సు జరిగినంతకాలం, ఆ తర్వాత ఒక ఏడాది వడ్డీ సర్కారే కడుతుంది. కానీ అనారోగ్యం వల్ల తప్ప చదువు మధ్యలో ఆపేస్తే ఆ రాయితీ పోతుంది. అంటే చేతికి డిగ్రీ రానివాడి మీదే వడ్డీ బరువంతా పడుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి, దేశంలో ర్యాంకులు తెచ్చుకున్న 860 విద్యాసంస్థలతో మొదలైంది. ముంచింగిపుట్టు పిల్లలు ఎక్కువగా చేరే చిన్న ప్రైవేటు కాలేజీలకు ఆ జాబితాలో చోటు దొరికేది అరుదు.

అప్పు ఈ కొండలకు కొత్త కాదు, దాన్ని అదుపు చేసే చట్టమూ కొత్త కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల కోసం ఒక చట్టం చేసింది. కొండజాతివాడి మీద ఏడాదికి నూటికి ఇరవై నాలుగు రూపాయలకు మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ కలిపినా అసలును దాటకూడదు. పరాయి పాలకులు కూడా అప్పుకు ఎక్కడో ఒకచోట గీత గీయాలని గుర్తించారు. అప్పటికే ఇక్కడ గొత్తి ఉండేది. అప్పు తీసుకున్నవాడు, అది తీరేదాకా ఇచ్చినవాడి ఇంట్లో పనిచేయాలి. తీరకపోతే కొడుకు చేయాలి. ఏజెన్సీలో ఈ రుణదాస్యాన్ని 1940లో రెగ్యులేషన్ తెచ్చి నిషేధించారు. స్వతంత్రం వచ్చాక 1960లో వడ్డీ వ్యాపారులకు లైసెన్సు తప్పనిసరి చేశారు, దేశం మొత్తానికి 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. వీటన్నిటి వెనక ఉన్నది ఒకే ఆలోచన: బాకీ కోసం మనిషి బతుకును పట్టి ఉంచకూడదు. గొత్తిలో పట్టి ఉంచింది ఒళ్లు. ఇప్పుడు పట్టి ఉంచుతున్నది మనిషి చదివాడనడానికి ఉన్న ఒకే ఒక్క రుజువు. ఈ పోలిక కొందరికి అతిగా తోచవచ్చు. సర్టిఫికెట్లు లేక నాలుగేళ్లుగా అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడికి మాత్రం తోచదు.

ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో స్పష్టంగా చెప్పింది. పరిశీలించి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఆ కాగితం చూపించి అడిగే ధైర్యం, విశాఖ దాకా ఛార్జీ, కాలేజీ మెట్ల మీద రెండు పూటలు నిలబడే ఓపిక ఎవరికుంటాయి?

చదువు పూర్తిచేసి తీర్చేద్దామనుకున్నవాళ్ల దారి కూడా మూసుకుపోయింది. ఏజెన్సీ పిల్లలు ఎక్కువగా ఆశపడేది టీచరు ఉద్యోగం మీద. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3, షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. దాన్ని నమ్ముకుని ఎన్నో ఇళ్లు అప్పుచేసి పిల్లల్ని బీఈడీకి పంపాయి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. పైగా టీచరు పోస్టుల భర్తీకి 2018లో ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్ తర్వాత 2025 మెగా డీఎస్సీ వరకూ నియామకాలు జరిగిన డీఎస్సీ లేదు. చదువు మీద పెట్టిన డబ్బు తిరిగొచ్చే ఒక్క తోవా ఏడేళ్లు ఎండిపోయింది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. ఎమ్మెస్సీ చేసి లెక్చరర్ అవుదామన్నవాళ్లూ ఆగిపోయారు.

ఆగిపోయినవాళ్లు ఎటు పోతారు? ఆడపిల్లకైతే పెళ్లి. మగపిల్లాడైతే హైదరాబాదు, చెన్నై, ఎక్కడ భవనం లేస్తుంటే అక్కడ. ఇంకో దారి గురించి ఊళ్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. బండి మీద మూట దింపిస్తే కొన్ని వేలు చేతిలో పెడతామనేవాళ్లు డ్యూ ఉన్న కుర్రాణ్ణి వెతుక్కుంటూ వస్తారు. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి నరికేశారు. తోటలు పోయినా రవాణా ఆగలేదు. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష. ఫీజు కోసం వెళ్లి అలా దొరికిన పిల్లాడి చదువు గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

మాఫీ సంగతికొద్దాం. రైతు రుణమాఫీ 2008లో దేశమంతటా జరిగింది, 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగింది. విద్యారుణానికి అలాంటిది ఇక్కడ జరగలేదు. కేరళ 2017లో ఒక పద్ధతి పెట్టింది: ఉద్యోగం దొరక్క తీర్చలేకపోతున్న పిల్లల వాయిదాల్లో మొదటి ఏడాది 90 శాతం, తర్వాత 75, 50, 25 శాతం సర్కారు కట్టింది. నిలదొక్కుకునే గడువిచ్చి మెల్లగా చేయి వదిలే ఈ పద్ధతి నాకు నచ్చింది. అమెరికాలో విద్యార్థుల అప్పు కొంత రద్దు చేస్తామని బైడెన్ ప్రభుత్వం ప్రకటిస్తే 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక బ్యాంకులు మొండిబాకీని తమ పుస్తకాల్లోంచి తీసేశామంటే పిల్లలకు విముక్తి వచ్చిందని కాదు. వసూలు హక్కు ఉంటుంది, సిబిల్ మచ్చ ఉంటుంది. ఇలాంటి వార్త విని తమ అప్పు పోయిందనుకుని వాయిదాలు ఆపేసినవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు, జాగ్రత్త.

ముంచింగిపుట్టుకు కావలసింది ముందు మాఫీ కాదు. చెల్లింపు. సర్కారు బాకీ సర్కారు కట్టాలి. ఆసుపత్రికి పోయిన సొమ్ములాంటిది సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) భరించాలి, ఆ మొత్తాలు పెద్దవి కావు. ఈలోపు సర్టిఫికెట్లు విడిపించాలి, ఎందుకంటే తిరిగి చదువుకునే దారులు నిజంగానే ఉన్నాయి. పూర్తిచేసిన సెమిస్టర్ల క్రెడిట్లను దాచుకుని తర్వాత వేరేచోట కలుపుకునే అకడమిక్ బ్యాంకు ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. ఏడేళ్ల దాకా అవి చెల్లుతాయి. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలో ముగించవచ్చు, కాఫీ కోతలు మానుకోకుండా చదవవచ్చు. ఆంధ్రా విశ్వవిద్యాలయం దూరవిద్య 1972 నుంచి నడుస్తోంది. కానీ రాష్ట్ర ఫీజు పథకం దూరవిద్యకు వర్తించదని విద్యాదీవెన నిబంధనల్లోనే రాశారు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం గిరిజన విద్యార్థులకు కరస్పాండెన్స్ కోర్సు ఫీజు ఇవ్వడానికి వీలుంది. ఆ వీలును రాష్ట్రం వాడుకోవాలి. పనిలో పడి, పెళ్లయి, పిల్లల తల్లయి మళ్లీ పుస్తకం పట్టాలనుకునే మనిషి రోజూ విశాఖలో వేలిముద్ర హాజరు వేయలేదు కదా.

2021-22 ఉన్నత విద్యా సర్వేలో దేశం మొత్తం నమోదు రేటు 28.4 శాతం, గిరిజనులది 21.2 శాతం. ఆ అంకె చేరినవాళ్లను లెక్కపెడుతుంది. చేరి, రెండో ఏడాదిలో ఆగిపోయి, కవరు కాలేజీలోనే వదిలి ఇంటికొచ్చినవాళ్ల జాబితా ఊరివారీగా ఎవరైనా రాయాలి. హాజరు 75 శాతం లేదు కాబట్టి వాళ్లు ఫీజు పథకంలోంచి తప్పుకుంటారు, కాలేజీ రోలులోంచీ తప్పుకుంటారు. గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడు ఉన్నాడు. ఎవరిల్లు ఎక్కడో, ఏ పిల్ల ఎక్కడ చదివి ఎందుకొచ్చేసిందో అతనికి తెలుసు. పేరు, కాలేజీ, ఆగిన ఏడాది, డ్యూ ఎంత, అందులో సర్కారు వాయిదా ఎంత, కాగితాలు ఎక్కడున్నాయి: ఇవి రాసిన జాబితా డిగ్రీ అడ్మిషన్లు మొదలవక ముందే పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి బల్ల మీదికి వెళ్లాలి. కాలేజీలతో మాట్లాడాల్సింది ఆ అధికారి. ఒంటరిగా బస్సెక్కి, ఖాళీ చేతులతో కౌంటరు ముందు నిలబడాల్సింది ఆ పిల్ల కాదు.