హెమ్లాక్ అడవికి మందు

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు భాగమున, అపలేచియన్ పర్వతముల వెంట హెమ్లాక్ అను చెట్లు దట్టముగా పెరుగును. హెమ్లాక్ అనగానే సోక్రటీసు త్రాగిన విషము గుర్తు రావచ్చును. ఆ మొక్క వేరు; అది కొత్తిమీర కుటుంబమునకు చెందిన గుల్మము. ఈ చెట్టు పైన్, దేవదారు చెట్ల కుటుంబములోనిది. దీని శాస్త్రనామము త్సూగా. దీని సోదరజాతి ఒకటి మన హిమాలయములలోను కలదు. ఈ చెట్లు వందల ఏండ్లు బ్రతుకును. వీని నీడవలన కొండవాగులు చల్లగా ఉండి ట్రౌటు చేపలకు ఆశ్రయమిచ్చును.

ఈ చెట్లకు జపానునుండి ఒక శత్రువు వచ్చినది. అది పేనుబంకకు దగ్గరి బంధువైన పురుగు. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు మించదు. ఒంటిపై తెల్లని మైనపు పోగులు కప్పుకొనును గనుక దీనిని ఉన్ని అడెల్జిడ్ అందురు. తూర్పు అమెరికాలో దీనిని మొదట 1951లో, వర్జీనియాలోని రిచ్మండ్ వద్ద గుర్తించిరి. 2002లో గ్రేట్ స్మోకీ పర్వతముల జాతీయవనములో కనబడినది. అక్కడి హెమ్లాకులపై బ్రతుకు పురుగులన్నియు ఆడవే. మగతోడు లేకయే గుడ్లు పెట్టి, ఏటికి రెండు తరములుగా వృద్ధియగును. ఇది ఆకు మొదట సన్నని తొండము గ్రుచ్చి, రెమ్మలో నిలువయున్న ఆహారమును పీల్చును. చిగుళ్లు ఆగిపోవును, ఆకులు రాలును. కొన్ని చెట్లు నాలుగేండ్లలోనే చచ్చును. జపానులో చెట్లకు తట్టుకొను శక్తియు, పురుగును తిను కీటకములును కలవు. తూర్పు అమెరికాలో ఆ రక్షణ లేదు.

కొండవాలులో ముప్పది మీటర్ల చెట్టు కొసవరకు మందు చల్లుట కష్టము. అందుచేత అంతర్వాహిక మందులను వాడుదురు. వీనిలో ముఖ్యమైనది మన పత్తి రైతులకు తెలిసిన ఇమిడాక్లోప్రిడ్. మ్రాను వ్యాసమును కొలిచి, తగిన మోతాదును నీటిలో కలిపి మొదటి చుట్టును నేలలో పోయుదురు. వేళ్లు నీటితోపాటు మందును పీల్చును. అది దారువు గుండా రెమ్మలకు చేరును. రసము పీల్చిన పురుగు నాడులు చెడి చచ్చును. పెద్ద చెట్టులో మందు పైకెక్కుటకు నెలలు పట్టును గాని, దాని ప్రభావము ఐదేండ్లు లేక అంతకు మించియు నిలుచును. డైనోటెఫ్యూరాన్ కొద్ది వారములలోనే పనిచేయును. దాని బలము ఒకటి రెండేండ్లే. ఆకులు రాలిన చెట్టు నీటిని సరిగా పీల్చదు. మందును పైకి తీసికొనిపోలేదు. కనుక ఆలస్యము పనికిరాదు.

అయితే మందుకు హద్దు కలదు. ఇమిడాక్లోప్రిడ్ కుళ్లిన ఆకుల మట్టికి అంటుకొని ఉండును. ఇసుక నేలలోనైతే వాగులోనికి జారవచ్చును. వాగులోని కీటకముల పిల్లలు చచ్చినచో వానిని తిను ట్రౌటుకు ఆహారము తగ్గును. చేపకు నీడనిచ్చు చెట్టును కాపాడబోయి చేప ఆహారమునే పోగొట్టరాదు గదా! కనుక నీటి అంచున మందును నేలలో పోయక, మ్రానులోనికే సూదితో ఎక్కించుట మేలు. ఎకరమునకు ఏటికి సుమారు 180 గ్రాముల అసలు మందును మించి నేలలో వేయరాదని నియమము కలదు. పెద్ద చెట్లు పెక్కు ఉన్నచోట అన్నిటికిని ఒకే ఏట మందు చాలదు. వేనిని ముందు కాపాడవలెనో ఎంచుకొనక తప్పదు.

అడవియంతటికి ఎల్లకాలము మందు వేయజాలము. అందుకే 2003 నుండి, ఈ పురుగునే తిను లారికోబియస్ అను చిన్న పెంకుపురుగులను అమెరికా పడమటి తీరమునుండి తెచ్చి వదలుచున్నారు. అవి వృద్ధిచెందువరకు ముఖ్యమైన చెట్లను బ్రతికించి ఉంచుటయే మందు చేయు మేలు.