పగలు దుకాణం, రాత్రి బస
పికప్ బండిపై లేచే కప్పును అమర్చుకొనదలచిన వర్తకులకు కొన్ని సూచనలు

సంక్రాంతి మొదలుకొని ఉగాది వరకు కొమురవెల్లి మల్లన్న జాతర. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం. వీటి మధ్య వారం వారం జరిగే ఊరి సంతలు. బట్టలు, స్టీలు పాత్రలు, గాజులు, ప్లాస్టిక్ సామాను అమ్ముకొనే వర్తకులు ఏడాదిలో ఎన్నో రాత్రులు ఇంటికి దూరంగానే గడుపుతారు. జాతర రోజులలో గది దొరకదు, దొరికినా అద్దె అందదు. సరుకును విడిచి దూరంగా పడుకొంటే దొంగల భయం. బండి కిందనే దుప్పటి పరచుకొంటే పాముల భయం, వాన భయం.

పాఠకులారా, మీరూ అటువంటి వర్తకులే అయితే, బ్యాంకు ఋణంతో కొన్న పికప్ బండిని పగలు దుకాణంగా, రాత్రి బసగా మార్చుకొంటే బాగుండునన్న ఆలోచన మీకు వచ్చియే ఉంటుంది. ఆలోచన మంచిదే. అయితే అది అందరికీ లాభించదు. ఎవరికి లాభిస్తుందో, ఎవరికి నష్టం తెస్తుందో, ఎట్లా చేయించుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

లేచే కప్పు ఎందుకు?

అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టెలో దించి బిగించే చిన్న గదులు అనేక దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి. వాటిలో ఒక రకానికి కప్పు పైకి లేస్తుంది. ప్రయాణంలో కప్పు కిందికి దిగి డ్రైవరు క్యాబిను ఎత్తుకు దాదాపు సమంగా ఉంటుంది. బండి ఆపిన తరువాత కప్పును ఎత్తితే, గోడలకు కప్పుకు నడుమ మందపు గుడ్డ తెరలు సాగి, మనిషి నిలబడగలిగే గది ఏర్పడుతుంది. అక్కడ అది విహారయాత్రల వస్తువు. మనకు అక్కరకు వచ్చేది అందులోని సూత్రము.

ఎత్తయిన పెట్టె వంటి బాడీని కట్టిస్తే బండి బరువు కేంద్రం పైకి జరుగుతుంది. మలుపులలో ఒరుగుతుంది, ఎదురుగాలికి డీజిలు ఎక్కువ తాగుతుంది, చెట్ల కొమ్మలకు తగులుతుంది. లేచే కప్పుతో ఈ చిక్కులు చాలావరకు తగ్గుతాయి. ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు గల తొట్టెపై నాలుగు అడుగుల గోడలు కట్టి, కప్పు రెండున్నర అడుగులు లేచేటట్లు చేస్తే లోపల ఆరున్నర అడుగుల ఎత్తు లభిస్తుంది. ఒక పక్క గోడను పైకి తెరుచుకొనే పలకగా చేయిస్తే, పగలు అదే దుకాణానికి చూరు అవుతుంది.

ముందు బరువు లెక్క, తరువాతనే సోకు

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు చెప్పిన మాట ఋణానికే కాదు, బండికీ వర్తిస్తుంది. మీ ఆర్.సి.లో స్థూల బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు స్థూల బరువు 2,700 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అనుకొందాము. తేడా 1,100 కిలోలు. ఇందులో డ్రైవరు, సహాయకుడు కలిసి 140 కిలోలు. మిగిలినది 960.

ఇప్పుడు అమరిక బరువు చూడండి. చట్రము, గోడలు, కప్పు 220 కిలోలు. మంచము, ప్లైవుడ్ అరలు 60. బ్యాటరీ, సోలార్ పలక, తీగలు 40. అరవై లీటర్ల నీరు 60. పొయ్యి, చిన్న గ్యాసు సిలిండరు 20. పరుపు, పాత్రలు, బట్టలు 40. మొత్తం 440 కిలోలు. అంటే సరుకుకు మిగిలేది 520 కిలోలు మాత్రమే. టన్ను మోసే బండి అరటన్ను బండి అయినది!

అందుచేతనే ఈ అమరిక అందరికీ కాదంటున్నాము. బట్టల వర్తకునికి 400 కిలోల సరుకుతోనే తొట్టె నిండుతుంది. అతనికి నష్టం లేదు. ఉల్లిగడ్డల వర్తకుని సంగతి వేరు. ప్రయాణానికి 440 కిలోల సరుకు తగ్గితే, కిలోకు రెండు రూపాయల లాభం చొప్పున 880 రూపాయలు పోయినట్లే. నెలకు ఎనిమిది ప్రయాణాలయితే 7,040 రూపాయలు.

మరి ఆదాయం వైపు? వారానికి నాలుగు రాత్రులు, గదికి 350 రూపాయల చొప్పున లెక్కిస్తే నాలుగు వారాలకు 5,600 రూపాయల అద్దె మిగులుతుంది. అమరికకు 1,20,000 రూపాయల ఋణాన్ని 12 శాతం వడ్డీపై 36 నెలలకు తీసుకొంటే నెల వాయిదా సుమారు 3,986 రూపాయలు. బట్టల వర్తకునికి వాయిదా పోను 1,600 రూపాయలకు పైగా చేతిలో ఉంటుంది. ఉల్లిగడ్డల వర్తకుడు అద్దె మిగుల్చుకొన్నా నెలనెలా నష్టపోతాడు, వాయిదా భారము అదనం. పై అంకెలు ఉదాహరణకు ఇచ్చినవి. మీ అంకెలు మీరు వేసుకొని, లాభం తేలితేనే ముందడుగు వేయండి.

"కొంచెం ఎక్కువ బరువు వేస్తే ఏమవుతుంది?" అని అనుకోవద్దు. కమాన్లు, టైర్లు, బ్రేకులు దెబ్బ తింటాయి. అధిక బరువుకు మోటారు వాహనాల చట్టంలోని జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. పని పూర్తయిన పిమ్మట బండిని ఒకసారి వేబ్రిడ్జిపై తూకం వేయించి, ఆ చీటీని భద్రపరచుకోండి.

కట్టుబడిలో గమనించవలసినవి

మిల్లీమీటరు మందము గల ఇనుప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. అంతే మందము గల అల్యూమినియం రేకు 2.7 కిలోలు. పైన చెప్పిన కొలతల కప్పుకు ఇనుప రేకు 32 కిలోలు, అల్యూమినియం 11 కిలోలు. రోజూ ఎత్తి దించవలసిన కప్పుకు ఈ తేడా చిన్నది కాదు. ఇనుప చట్రంపై అల్యూమినియం రేకును నేరుగా బిగిస్తే తడి తగిలిన చోట తుప్పు పట్టి రేకు తినివేయబడుతుంది. నడుమ రబ్బరు పట్టీ వేయించండి.

రేకు కింద అంగుళం మందపు థర్మోకోల్, దాని కింద పలుచని ప్లైవుడ్ వేసి, పైన తెల్ల రంగు పూయిస్తే మన ఎండలకు లోపల వేడి తగ్గుతుంది. పక్క తెరలకు మందపు కాన్వాసు మంచిది, గాలి ఆడుతుంది. అయితే వానకు తడిసిన కాన్వాసును మడిచిపెట్టి మరచిపోతే బూజు పట్టి చిరిగిపోతుంది. ఊరు చేరగానే కప్పు ఎత్తి ఆరబెట్టడం అలవాటు చేసుకోండి.

కప్పును ఎత్తడానికి గ్యాసు కడ్డీలనో, కత్తెర చేతులనో వాడుతారు. దేనిని వాడినా, దానిపైనే భారం వేయక, లేచిన కప్పు కింద పిన్నుతో బిగిసే ఇనుప ఊతకడ్డీలను పెట్టించండి. గ్యాసు కడ్డీ పాతబడి హఠాత్తుగా దిగితే కింద ఉండేది మీ తల. బయలుదేరే ముందు నాలుగు మూలల కొక్కేలను చేతితో తాకి చూచుకోండి.

ఛాసిస్ దూలాలకు రంధ్రాలు వేయనీయవద్దు, వెల్డింగు చేయనీయవద్దు. చట్రాన్ని తొట్టెకు బోల్టులతోను, యు ఆకారపు పట్టీలతోను బిగించాలి. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ వంటి బరువులను నేలకు దగ్గరగా, వెనుక ఇరుసుకు ముందువైపు అమర్చాలి. ఇరుసుకు వెనుకగా బరువు పెరిగితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది.

దీపము, గాలి, పొయ్యి

రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు అయిదు గంటలు, ఒక ఫ్యాను ఎనిమిది గంటలు, ఫోన్లు, తూకం యంత్రం అన్నీ కలిపి రోజుకు సుమారు 240 వాట్ అవర్లు, నష్టాలు కలుపుకొంటే 300. పన్నెండు వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,200 వాట్ అవర్లు ఉన్నా, సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. కనుక వాడదగినది 600, రెండు రాత్రులకు సరి. కప్పుపై 100 వాట్ల సోలార్ పలక ఉంటే మంచి ఎండలో ఏ రోజు ఖర్చు ఆ రోజు భర్తీ అవుతుంది. ఈ బ్యాటరీ ఇంజను బ్యాటరీకి వేరుగా ఉండాలి. లేనిచో ఫ్యాను కింద హాయిగా నిద్రించి, తెల్లవారి బండిని తోయవలసివస్తుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

వంట గ్యాసు గాలికన్నా బరువైనది. కారితే నేల మీదనే పేరుకొంటుంది. కనుక నేల మట్టానికి గాలి రంధ్రం ఉంచి, సిలిండరును బయటి వైపు తలుపు గల గూటిలో నిలువుగా నిలపాలి. గృహావసరాల సిలిండరును బండిలో వాడరాదు. విడిగా అమ్మే 5 కిలోల సిలిండరు తీసుకోండి. తెరలు మూసి లోపల వంట చేయవద్దు, చలికి కుంపటి పెట్టవద్దు. బొగ్గుపులుసు వాయువు కన్నా ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంటలనార్పే పొడి సిలిండరు ఒకటి తలుపు దగ్గర ఉంచుకోండి. బండి నడుస్తున్నప్పుడు వెనుక గదిలో మనుషులు, ముఖ్యంగా పిల్లలు, ఉండరాదు.

కాగితాలే అసలు కప్పు

పని చేయించిన తరువాత అనుమతికి తిరుగుదామనుకోవడం పెద్ద పొరపాటు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టినది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని అమరికకు, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. సరుకుల వాహనము, సొంత వాడుక క్యాంపర్ వ్యాను చట్టం దృష్టిలో వేర్వేరు తరగతులు. "విప్పి దించగలిగినదే కదా, ఇది మార్పు కాదు" అని మీకు మీరే తీర్మానించుకోక, కొలతలతో కూడిన చిత్తు పటాన్ని రవాణా కార్యాలయంలో చూపి వ్రాతపూర్వకమైన సమాధానం పొందండి.

బండి బ్యాంకుకు హైపాథికేషన్ అయి ఉన్నది. కనుక బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతి అవసరం. మూడవది బీమా. అమరిక సంగతి ముందుగా తెలియజేసి, దాని విలువను పాలసీలో చేర్పించండి. తెలుపని మార్పును చూపి బీమా సంస్థ క్లెయిమును నిరాకరించవచ్చు. అప్పుడు బండి పోతుంది, వాయిదాలు మిగులుతాయి.

అమరిక ఖర్చును తొలి ప్రాజెక్టులోనే చేర్చి ఋణం అడగడం మేలు. 2015లో ప్రారంభమైన ముద్రా యోజనలో చిన్న సరుకుల వాహనాలకు, దుకాణాలకు 10 లక్షల రూపాయల వరకు హామీ లేని ఋణం లభిస్తుంది. తరుణ్ తరగతి ఋణాన్ని సక్రమంగా తీర్చినవారికి 2024 నుండి ఈ పరిమితి 20 లక్షలు. ముందు బండికి మాత్రమే ఋణం తీసుకొని, తరువాత బాడీకి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు చేస్తే లాభమంతా వడ్డీకే పోతుంది.

డీలర్లకు, బాడీ బిల్డర్లకు ఒక మాట

కొనుగోలుదారు ఎంత బరువు సరుకు వేస్తాడో అడగకుండా అమరిక అంటగట్టవద్దు. కొటేషనులో అమరిక బరువును ధరతో పాటు వ్రాయండి. రవాణా కార్యాలయ అనుమతి, బ్యాంకు సమ్మతి చూడకుండా పని మొదలుపెట్టవద్దు. ఈ మూడు పాటించిన వర్తకుని దగ్గరకే మళ్ళీ గిరాకీ వస్తుంది.

పాఠకులారా, రేపు మీ ఆర్.సి. తీసి రెండు అంకెలు చూడండి. ఒక కాగితంపై సరుకు బరువు, మిగిలే అద్దె, వాయిదా వ్రాసుకోండి. లెక్క కుదిరితే ఆ కాగితంతోనే మీ శాఖకు రండి. కుదరకపోతే ఒక మంచి టార్పాలిన్, ఒక మడత మంచం కొనుక్కోండి. అదీ లాభమే.