పీగ్రెప్

పీగ్రెప్ అనేది యునిక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలలో నడుస్తున్న ప్రాసెస్‌లలో కోరిన పేరు గలవాటిని వెదికి, వాటి గుర్తింపు సంఖ్యలను చూపే కమాండు. దీని జంట అయిన పీకిల్ అదే విధంగా వెదికి, దొరికినవాటికి సంకేతం పంపుతుంది. వేరే సంకేతం పేర్కొనకపోతే ఆ ప్రాసెస్‌లను ముగించమని కోరుతుంది. ఈ రెండూ మొదట 1998లో వెలువడిన సొలారిస్ 7లో వచ్చాయి. లినక్సులో ఇవి ప్రోక్‌పీఎస్ ప్యాకేజీలో భాగం.

వీటి వాడుకలో చిక్కులు రెండు రకాలు. ప్రోగ్రాము నడుస్తున్నా దొరకకపోవడం ఒకటి, అడగనివి కూడా దొరకడం మరొకటి. మొదటిది విసుగు పుట్టిస్తుంది; రెండవది పీకిల్‌తో కలిస్తే నష్టం కలిగిస్తుంది.

పేరు దొరకకపోవడం

లినక్సు కెర్నెల్ ప్రతి ప్రాసెస్ పేరులో 15 బైట్లను మాత్రమే దాచుకుంటుంది. అంతకంటే పొడవైన పేరును పూర్తిగా ఇచ్చి వెదికితే ఫలితం శూన్యం. తెలుగు పేర్లకు ఈ పరిమితి మరీ ఇరుకు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులూ పొల్లూ కూడా విడి సంకేతాలే. అందువలన ఐదు సంకేతాలకే చోటు ఉంటుంది. ఉదాహరణకు, నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరులో పసుపు ధరలు లెక్కించే ప్రోగ్రాముకు "పసుపు" అని పేరు పెడితే సరిగ్గా 15 బైట్లలో ఇముడుతుంది. "ఆర్మూరు" అని పెడితే "ఆర్మూ" వరకే మిగులుతుంది.

పైథాన్ కమాండుకు ఫైలు పేరు ఇచ్చి నడిపినప్పుడు ప్రాసెస్ పేరు పైథాన్‌దే అవుతుంది, ఫైలుది కాదు. జావా ప్రోగ్రాములదీ ఇదే తీరు. ఇటువంటి చోట్ల ఎఫ్ ఐచ్ఛికం వాడితే పీగ్రెప్ మొత్తం కమాండు వరుసలో వెదుకుతుంది.

ఫైళ్ళ పేర్లలో వాడే నక్షత్రపు గుర్తుకు ఇక్కడ అర్థం వేరు. ఇచ్చే నమూనా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కనుక, నక్షత్రం తన ముందున్న ఒక్క సంకేతానికే వర్తిస్తుంది. "పసుపు*" అన్నప్పుడు అది చివరి కొమ్ముకే చెందుతుంది, "పు" అనే అక్షరానికి కాదు. నమూనాను కొటేషన్లలో ఉంచకపోతే షెల్లే ముందుగా దానిని మార్చివేయవచ్చు.

అడగనివి దొరకడం

నమూనా పేరులో ఎక్కడ కనిపించినా సరిపోలినట్లే. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు కంప్యూటరులో ప్రవేశించి పీకిల్‌కు "ఎస్‌ఎస్‌హెచ్" అని ఇస్తే, ఆ నమూనా ఎస్‌ఎస్‌హెచ్‌డీకి కూడా తగిలి, వాడుకరి కూర్చున్న కొమ్మ తెగుతుంది. ఎక్స్ ఐచ్ఛికం పూర్తి పేరు సరిపోలినవాటినే తీసుకుంటుంది. పీకిల్ వాడే ముందు అదే నమూనాను పీగ్రెప్‌కు ఇచ్చి, ఎల్ ఐచ్ఛికంతో పేర్లు చూసుకోవడం మంచిది.

పీగ్రెప్ తనను తాను ఎన్నడూ చూపదు. అయితే తనను పిలిచిన షెల్లును మినహాయించదు. ప్రోగ్రాము ఆగితే తిరిగి ప్రారంభించమని క్రాన్‌లో ఒకే వరుసగా వ్రాసి ఎఫ్ ఐచ్ఛికం వాడినప్పుడు, ఆ షెల్లు కమాండు వరుసలోనే నమూనా ఉంటుంది. ఫలితంగా ప్రోగ్రాము ఆగిపోయినా నడుస్తున్నట్లే తేలి, ఎప్పటికీ తిరిగి మొదలు కాదు. ఈ పొరపాటు నెలల తరబడి బయటపడకపోవచ్చు. నమూనాలో మొదటి అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో ఉంచితే ("[ప]సుపు") అది అసలు పేరుకు సరిపోతుంది కానీ తన వ్రాతకు తాను సరిపోదు. అయితే అదే వరుసలో ప్రోగ్రామును ప్రారంభించే కమాండు కూడా ఉంటే పేరు అక్కడ మళ్ళీ కనిపిస్తుంది. అప్పుడు తనిఖీని వేరే స్క్రిప్టు ఫైలులోకి మార్చాలి, ఆ ఫైలు పేరులోనూ నమూనా ఉండరాదు.

పీగ్రెప్ నిష్క్రమణ సంఖ్య 1 అయితే ఏదీ దొరకలేదని, 2 అయితే కమాండు వ్రాతలోనే దోషమని అర్థం. ఈ రెంటినీ ఒకటిగా చూసే స్క్రిప్టులు నడుస్తున్న ప్రోగ్రామునే రెండోసారి ప్రారంభిస్తాయి.