ఫ్రెంచి భాషలో కర్మ సర్వనామములు

ఒకే నామమును మాటిమాటికి పలుకుట ఏ భాషయందును ఇంపుగా నుండదు. ఆ భారమును తగ్గించునవే సర్వనామములు. ఫ్రెంచి అభ్యసింపబూనిన మనవంటివారికి తొలిమెట్లపై కాలు జారుచోటు కూడ ఇదియే.

తెలుగున "వానిని చూచితిని", "వానికి ఇచ్చితిని" అని ద్వితీయకు, షష్ఠికి వేర్వేరు రూపములు గలవు. ఉర్దూలో "ఉసే" అను ఒక్క మాట రెంటికిని చాలును. ఫ్రెంచి ఈ రెంటి నడుమ నిలిచినది. ఉత్తమ, మధ్యమ పురుషలలో "మ, త, ను, వు" అనునవి రెండర్థములందును చెల్లును. ప్రథమ పురుషలో మాత్రము భేదము కలదు. ప్రత్యక్ష కర్మకు పుంలింగమున "ల", స్త్రీలింగమున "లా", బహువచనమున "లే". పరోక్ష కర్మకు ఏకవచనమున "లుయి", బహువచనమున "లెర్". అతనికి, ఆమెకు అను రెంటికిని "లుయి" యే.

నామమైనచో కర్మ క్రియకు తరువాత వచ్చును. సర్వనామమైనచో ముందునకు చేరును. "జ ల వ్వా" అనగా "నేను వానిని చూచుచున్నాను" అని అర్థము. కర్మను క్రియకు ముందుంచుట తెలుగు, ఉర్దూ వారికి అలవాటే గనుక ఇది మనకు కష్టము కాదు. "చేయుము" అని విధించునపుడు మాత్రము సర్వనామము క్రియ వెనుకకు పోవును. "చేయకుము" అని నిషేధించునపుడు మరల ముందునకే వచ్చును.

మనము మోసపోవు చోటు వేరొకటి కలదు. "అతనికి సహాయము చేయుదును" అను మన వాక్యమును తలచుకొని "లుయి" వాడుదుము. కాని సహాయార్థకమైన "ఎదే" క్రియ ప్రత్యక్ష కర్మనే కోరును. అచ్చు ముందు "ల"లోని అచ్చు లోపించి "జ లెద్" అగును. "అతనిని అడుగుదును" అనుటకు "ల" వాడబోదుము. "దమాండే" క్రియకు అడుగబడు మనిషి పరోక్ష కర్మ గనుక "జ లుయి దమాండ్" అనవలెను. "వానితో మాట్లాడుదును" అను మన తృతీయ సైతము అచట "జ లుయి పార్ల్" అని పరోక్ష కర్మయే యగును.

కావున క్రియను ఒంటరిగా వల్లించుట చాలదు. దాని వెంట "ఆ" అను విభక్త్యర్థక పదము వచ్చునో రాదో కూడ కలిపి నేర్వవలెను. "దమాండే ఆ", "పార్లే ఆ" అని పలికిన నాలుక "లుయి"ని తడబడక ఎన్నుకొనును. మన విభక్తులు మనకు తోడే. పరభాషా క్రియకు ఏ కర్మ తగునో నిర్ణయించు అధికారము మాత్రము ఆ భాషదే.